ఎర్రకణాల్లో నీలి చుక్కలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. ఒమాన్‌లో, రుసైల్ ఫ్యాక్టరీల పక్కనున్న క్లినిక్‌లో నేను పాథాలజిస్టుని. అంటే రక్తం, కణజాలం చూసి జబ్బేమిటో చెప్పేవాణ్ణి. వందేళ్ల కిందటి ఇంగ్లీషు డాక్టర్లలో కొందరు రోగి మంచం దగ్గరా, మైక్రోస్కోపు దగ్గరా తామే కూర్చునేవారు. ఇప్పుడు పని పంచుకున్నాం. నాకు రోగి ముఖం కనిపించేది తక్కువ. ఒకరోజు వచ్చిన గంగారాం అనే రోగిది మాత్రం జగిత్యాల. తెలుగు తెలిసినవాణ్ణని డాక్టరు నన్ను పిలిచారు.

అతనికి ఒక కంపెనీ గోడౌన్‌లో డ్యూటీ. రెండు నెలలుగా కడుపునొప్పి, మొహం పాలిపోయింది.

"రూమ్‌ల రాజన్న వండుతడు సార్. నా కూరల మందు వెట్టిండు."

నేను నవ్వాను. మందు పెట్టడాలూ చేతబడులూ అబద్ధమని సభల్లో వాదించి పెరిగినవాణ్ణి. పది నిమిషాలు ఉపన్యాసం దంచాను. చివర్న, "ఇంకేమైనా తింటున్నావా?" అన్నాను.

"ఏం లేదు సార్."

స్లైడ్ మీద అతని ఎర్రకణాల నిండా నీలి చుక్కలు. బేసోఫిలిక్ స్టిప్లింగ్ అంటారు. సీసం ఒంట్లో చేరిందేమోనని అనుమానించాల్సిన గుర్తు. బయటికి పంపిన పరీక్ష మూడు వారాలకు వచ్చింది. సీసమే.

"విషం లేదంటిరి గద సార్!" అన్నాడు గంగారాం. కంపెనీవాళ్లు రాజన్నను పోలీసులకు అప్పగిస్తామన్నారు.

మర్నాడు రాజన్నే వచ్చి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "నా రక్తం గూడ తియ్యున్రి. ఇద్దరం ఒక్క గిన్నెలనే తిన్నం."

అతని కణాలు శుభ్రంగా ఉన్నాయి. ఈసారి అర్జెంటని పంపితే మర్నాటికే వచ్చిన పరీక్షలోనూ సీసం లేదు. వాళ్ల రూమ్‌కి వెళ్లి మళ్లీ గంగారాం దగ్గర కూర్చున్నాను. ఈసారి వాదించలేదు.

"మందు పెట్టాడన్నావు కదా. విరుగుడేమైనా వాడుతున్నావా?"

దిండు కింద నుంచి పొట్లం తీశాడు. ఎర్రటి పొడి. "మా ఊర్ల మందు కక్కిచ్చేటాయన పంపిండు. మొదట్ల గ్యాస్ నొప్పే ఉండె. ఇది మింగినకాడికెల్లి మెలివెడ్తుంది."

"మొదటి రోజే చెప్పొచ్చుగా?"

"మీరు నవ్వితిరి గద సార్."

పరీక్ష చేయిస్తే, సీసం ఆ పొడిలోనే ఉంది. మందు పెట్టిన మాట నిజమే, పెట్టింది విరుగుడు పంపినాయన. ఆ సంగతి చెప్పినప్పుడు గుమ్మంలో నిలబడ్డ రాజన్న, "నన్ను జైల్ల ఏపిస్తుంటివి గదరా" అన్నాడు. పొడి మానేసిన గంగారాం చికిత్సతో కోలుకున్నాడు.

చేతబడి అబద్ధమని ఇప్పటికీ గట్టిగానే చెబుతాను. కానీ ముందు రోగిని అడుగుతాను, విరుగుడుగా ఏం మింగుతున్నావని. ఆ రోజు వాదనలో గెలిచింది నేనే. నా గెలుపు పుణ్యమా అని గంగారాం ఇంకో మూడు వారాలు సీసం తిన్నాడు.