గోరింటాకు వేళ్ళతో వీసా ఆఫీసుకు

ఆషాఢమాసంలో వీసా పని మీద బయల్దేరేవాళ్ళకు ముందుగా ఒక మాట. ఇంట్లో అమ్మ ఉంటే, ముందురోజు పగలు నిద్రపోకండి.

నేను నిద్రపోయాను. మైపాడు దగ్గర మా ఊళ్ళో మధ్యాహ్నం భోంచేసి కాస్త నడుం వాల్చాను. లేచేసరికి రెండు చేతులకూ గోరింటాకు. అరచేతుల్లో చందమామలు, పది వేళ్ళకూ టోపీలు. కంగారుగా కడిగేశాను గానీ అప్పటికే ఎర్రగా పండిపోయింది.

"పెళ్ళయినాక తొలి ఆషాఢం. చేతులు బోసిగా పెట్టుకొని పోతావా?" అంది అమ్మ.

"అమా, రేపు అక్కడ వేలిముద్రలు తీసుకుంటారు!"

"తీసుకోనీ. ఎవురొద్దన్నారు?"

సంగతేమిటంటే, మా ఆయన నీల్స్‌ది నెదర్లాండ్స్. రొయ్యల మేత కంపెనీ తరఫున ఇందుకూరుపేటకు వచ్చాడు. నేను అక్కడి ల్యాబులో చెరువు నీళ్ళు పరీక్ష చేస్తాను. మేత ఎక్కువైందని నేను, కాలేదని ఆయన. ఆ వాదన తేలకుండానే మాఘంలో పెళ్ళయిపోయింది. పని ముగిసి ఆయన తిరిగి వెళ్ళాక, అక్కడ మా అత్తగారికి గుండె ఆపరేషన్ చేయాలన్నారు. ఆమె నన్ను ఫోన్‌లోనే చూసింది. ఆసుపత్రికి వెళ్ళేలోపు కోడలి చెయ్యి ఒక్కసారి పట్టుకోవాలని ఆమె కోరిక. అందుకే ఈ కుటుంబ సందర్శన వీసా. చెన్నైలో దరఖాస్తు ఇవ్వడానికి అతికష్టం మీద ఒక అపాయింట్‌మెంట్ దొరికింది. అది చేజారితే మళ్ళీ దొరికేది ఆపరేషన్ అయిపోయాకే.

తెల్లవారక ముందే లేచాం. తలస్నానం చేసి నీటుగా వెళ్దామనుకుంటే, అమ్మ దోసిలి నిండా కొబ్బరినూనె తెచ్చి నడినెత్తిన పోసి జడ బిగించింది. దూరప్రయాణానికి నూనె లేని తలతో పోకూడదట. నేను గొడవపడితే అలిగి తను రానంటుందేమోనని ఆశపడ్డాను. వచ్చింది. తను రొయ్యలు వలిచే షెడ్డుకు సెలవు పెట్టి మరీ వచ్చింది.

మొదటి బస్సులో నెల్లూరు చేరి, స్టేషన్ బయట ఇడ్లీ తిని, ఆరున్నరకు చెన్నై రైలెక్కాం. జనరల్ పెట్టెలో సీటు దొరకదని భయపడనక్కర్లేదు, మా అమ్మలాంటి మనిషి వెంట ఉంటే చాలు. మనుబోలు దాటేలోపే ఇద్దరిని జరిపి నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టింది. గూడూరులో నిమ్మకాయల బస్తాతో ఎక్కిన ఒక పెద్దమ్మ నా చేతులు చూసి ముచ్చటపడింది.

"ఎంత ఎర్రగా పండిందో! మంచి మొగుడొస్తాడు పాపా."

"వచ్చినాడు, మళ్ళీ పోయినాడు కూడా," అంది అమ్మ. "ఇప్పుడు వాడికాడికి పోవాలనే ఈ తిప్పలు."

పెట్టెలో సగం మంది నవ్వారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

సెంట్రల్‌లో దిగి, ఆటో పట్టుకుని, పదిన్నరకు దరఖాస్తు కేంద్రం చేరాం. లోపలికి దరఖాస్తుదారును మాత్రమే రానిస్తారు. అమ్మను మెట్ల మీద కూర్చోబెట్టి వెళ్ళాను. పెళ్ళి సర్టిఫికెట్, నీల్స్ పంపిన ఆహ్వానం, ఆసుపత్రి ఉత్తరం, అన్నీ వరసగా పెట్టుకున్నాను కాబట్టి కౌంటర్‌లో పని చకచకా అయిపోయింది. ఇక వేలిముద్రల గది.

ఎడమచేయి పడింది. కుడిచేయి పడలేదు. మళ్ళీ పెట్టమంది అక్కడి అమ్మాయి. పడలేదు. టిష్యూ కాగితంతో వేళ్ళు తుడిచి పెట్టించింది, అప్పుడూ అంతే.

"మెహందీ వల్లేమో మేడమ్," అంది తమిళ యాసలో. "ఇంకొక్కసారి చూస్తాను. రాకపోతే, అది పోయాక మళ్ళీ అపాయింట్‌మెంట్ తీసుకుని రండి."

ఫోన్‌లో అత్తగారి ముఖం కళ్ళ ముందు మెదిలింది. బయట మెట్ల మీద కూర్చున్న మనిషి మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంలోనే మా ఊరి రేషన్ షాపు గుర్తొచ్చింది. రొయ్యలు వలిచి వలిచి అమ్మ వేలిగీతలు అరిగిపోయాయి. ప్రతినెలా మెషిన్ మీద వేలు పడక వెనకున్న వరసంతా గొణుగుతుంటే, డీలరు "తలకు రుద్దక్కా, తలకు" అంటాడు. అమ్మ వేలిని పాపిట్లో రుద్ది, చీరకొంగుకు ఒకసారి అద్ది పెడుతుంది. పడుతుంది. నెలనెలా ఆమె పక్కన నిలబడి సిగ్గుపడినదాన్ని నేనే.

"ఒక్క నిమిషం," అని కుడిచేతి వేళ్ళన్నీ నా నూనె తలలోకి పోనిచ్చి గట్టిగా రుద్దాను. చున్నీకి పైపైన అద్దుకున్నాను. ఆ అమ్మాయి నోరు తెరుచుకుని చూస్తుండగానే మెషిన్ అద్దం మీద పెట్టి నొక్కాను.

పచ్చ లైటు వెలిగింది. ఎడమచేయి ఎందుకు పడిందో, కుడిచేయి ఎందుకు మొరాయించిందో నాకిప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. పాస్‌పోర్టు కొరియర్‌లో వస్తుందని చెప్పి రసీదు ఇచ్చారు.

నేను బయటికి వచ్చేసరికి సెక్యూరిటీ గార్డు ఇద్దరు కూతుళ్ళ పెళ్ళి సంబంధాలూ అమ్మ ఆరా తీసేసింది. జరిగింది చెప్పాను. తిట్టాలనుకున్నదీ చెప్పాను.

"నూనె పోసిందెవురు?" అంది.

సాయంత్రం రైలు సూళ్ళూరుపేట దాటాక, పొద్దుటి నుంచీ నోటిదాకా వస్తున్న మాట అడిగేశాను. "అమా, ఆషాఢంలో అత్తాకోడళ్ళు ఒక గడప దాటకూడదంటావు గదా. మరి నన్నెట్టా పంపిస్తావు?"

"ఆపరేషన్‌కు పోయే మనిషి నీ చెయ్యి పట్టుకుంటానంటే, నేను గడప అడ్డం పెట్టేదా? పో," అంది అమ్మ. తర్వాత నా చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని చూసింది. "ఆకు ఎండబెట్టి పొడి చేసిస్తా. ఆమెకూ పెట్టు."

ఆసుపత్రిలో ఆక్సిజన్ చూసే క్లిప్పు వేలికి తగిలిస్తారని, రంగుంటే అది సరిగ్గా చూపించదని చెప్పాను.

"అట్టయితే వేళ్ళకొద్దులే. అరచేతిలో చందమామ ఒక్కటి పెట్టు. చాలు."

ఆ పొడి పొట్లం ఇప్పుడు నా పెట్టెలో ఉంది. వీసా పడిన పాస్‌పోర్టు దాని పక్కనే ఉంది. నా వేళ్ళ మీద రంగు చాలావరకు వెలిసిపోయింది. గోళ్ళకు మాత్రం ఎరుపు గట్టిగానే ఉంది. మా అత్తగారు నా చెయ్యి పట్టుకునే నాటికి అమ్మ పెట్టింది ఆ మాత్రం మిగిలే ఉంటుంది.