తాడు పట్టిన తమ్ముడు

మనవరాలు కాలేజీ తరఫున నల్లమలకు సేవాశిబిరానికి బయలుదేరుతూ, అక్కడి చెంచులకు ఏం పట్టుకెళ్తే బాగుంటుంది తాతయ్యా అని అడిగినప్పటినుంచి నా మనసు ఇంట్లో లేదు. మా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, పల్లెలకు పోయి బాటలు వేయడం, అక్షరాలు నేర్పడం ఆ రోజుల్లో కాలేజీ కుర్రాళ్లకు ఒక మోజు. అరవైల మొదట్లో మహబూబ్‌నగర్ నుంచి మేం కొంతమందిమి మా లెక్చరర్ గారి వెంట, లారీలో కూర్చుని, రాని పాటలు కూడా పాడుకుంటూ అమ్రాబాద్ అడవుల్లోకి పోయాం. ఉద్ధరించడానికి పోతున్నాం కదా, వంటమనిషిని, మంచినీళ్ల పీపాలను కూడా వెంటబెట్టుకున్నాం.

పెంట అంటే చెంచుల గూడెం, ఆకులు కప్పిన కాసిని గుండ్రటి గుడిసెలు. పొద్దున చల్లగాలిలో ఇప్పపూల వాసన తేలివచ్చేది. ఇప్పటికీ నిద్రకూ మెలకువకూ నడుమ ఒక్కోసారి ఆ వాసన తగులుతుంది, నవ్వుతారని ఇంట్లో చెప్పను. పగలు బాట చదును చేసేవాళ్లం, సాయంత్రం నేను పిల్లలకు మట్టిలో పుల్లతో అక్షరాలు దిద్దించేవాణ్ణి. వాళ్లలో ఒకడి తల్లి, నాకన్నా కాస్త పెద్దది, దూరంగా నిలబడి చూస్తుండేది.

ఆ ఏడు ఆమెకు పెద్ద చిక్కు వచ్చిపడింది. తేనె తీసే మగవాడు కొండచరియ మీదినుంచి నారతాడు పట్టుకుని వేలాడుతూ దిగుతాడు. పైన ఆ తాడును కాయవలసింది అతని భార్య తోడబుట్టినవాడే, తోబుట్టువు తాళి తెగేలా ఏ అన్నదమ్ముడూ చెయ్యి వదలడని వాళ్ల నమ్మకం. ఆమె అన్న కిందటి వానకాలంలో జ్వరంతో పోయాడు, పెంటలో మిగిలినవాళ్లంతా భర్త తరఫువాళ్లు. తేనె దిగకపోతే సంతలో జొన్నలు రావు, జొన్నలు లేకుండా వానకాలం గడవదు.

ఒకరోజు నేరుగా నా దగ్గరికి వచ్చి, "తమ్మీ, నాకు తోడబుట్టినోడు లేడు. తాడు నువ్వు పట్టు. గానీ పట్టేముందు మా ఇంట్ల తినాలె" అన్నది. తింటేనే తమ్ముడు, లేకపోతే పరాయివాడు. అప్పటిదాకా లెక్చరర్ గారితో సహా మాలో ఎవరూ ఆ గుడిసెల్లో మెతుకు ముట్టలేదు, తిన్నానని తెలిస్తే మా అవ్వ నన్ను గడప తొక్కనివ్వదు. అయినా వంగి గుడిసెలోకి పోయాను. మోదుగాకులో జొన్నరవ్వ ఉడికించిన గటక, కాల్చిన గడ్డ పెట్టింది. నేను తింటున్నంతసేపూ నా చేతివంకే చూసింది.

పొద్దు వాలుతుండగా చరియ అంచున, చెట్టు మొదట్లో కట్టిన తాడు మీద రెండు చేతులూ వేసి కూర్చున్నాను. కింద పొగ, తేనెటీగల రొద, మా బావ కూనిరాగం. తాడు అదిరినప్పుడల్లా ఒక మనిషి బరువు నా అరచేతుల్లోకి వచ్చి పోయేది. అంత భయం, అంత గౌరవం మళ్లీ ఎరగను. ఆయన బుట్టతో పైకి రాగానే అక్క తేనెపట్టులోంచి మొదటి తుంట నా నోట్లో పెట్టింది.

ఉద్యోగంలో చేరాక మొదటి జీతంతో చీర కొని అక్కను వెతుక్కుంటూ పోయాను. అప్పటికే పెంటను అడవిలోంచి లేపి రోడ్డు పక్కన వరస ఇళ్లలో దించారు, బావ రోడ్డు పనికి పోతున్నాడు. అక్క చీరను చాలాసేపు నిమిరింది. వచ్చే ఎండాకాలం తాడు పట్టడానికి వస్తానంటే, "ఎందుకు తమ్మీ, ఇప్పుడు ఫారెస్టోళ్లు గుట్ట ఎక్కనిస్తలేరు" అని మెల్లగా అని, లోపలికి పోయి గటక పెట్టుకొచ్చింది.

ఇప్పుడు చెంచులకు ఇవ్వడానికి ఎంతోమంది పోతున్నారు, మంచిదే. రోడ్లు పడ్డాయి, దవాఖానలు వచ్చాయి. కానీ ప్రాణమంతటి దాన్ని నమ్మి మన చేతిలో పెట్టగలిగిన రోజు వాళ్లకు ఒకటుండేది, ఆ రోజును వాళ్లకు లేకుండా చేశాం. నాకు తోబుట్టువులు ఎందరని ఎవరైనా అడిగితే ఒక అక్క అని చెబుతాను. ఏ ఊరిలో ఉంటుందంటే, ఆ పెంట ఇప్పుడు అడవిలో లేదు, చెప్పడానికి ఊరు లేదు.