కడగని చేతులు

సూర్యకళకు అసహ్యమంటే ఏమిటో తెలియదని వార్డులో అందరూ అనేవారు. జాలరిపేటలో పుట్టి, చేపల పొట్టలు చీలుస్తూ పెరిగిన మనిషి. గాజువాక దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదకొండేళ్ళుగా ఆయా. చీము తుడిచేది, బెడ్‌పాన్లు ఎత్తేది, సబ్బు రుద్ది మోచేతుల దాకా కడుక్కుని శుభ్రంగా అన్నం తినేది.

ఆమెకు ఒళ్ళు మండేదల్లా డాక్టరు రమణమూర్తిగారి రౌండ్లు చూస్తేనే. ఈ మంచం మీది పుండు నొక్కిన చేత్తోనే ఆయన పక్క మంచం మీది పుండూ నొక్కుతాడు. తనిఖీవాళ్ళు వచ్చే రోజున మంచానికో శానిటైజర్ సీసా వేలాడుతుంది. వాళ్ళ కారు గేటు దాటిందో లేదో, సీసాలన్నీ బీరువాలోకి పోయి తాళం పడుతుంది. ఛీ, ఏం మనుషులండీ!

ఆ వారం ఆరో మంచం ముసలాయన రిపోర్టు వచ్చింది. ఆయన పుండులో ఉన్న సూక్ష్మజీవి ఏ యాంటీబయాటిక్‌కూ లొంగదట. "చేతుల మీదుగా అంటుకుంటది పిన్నీ, జాగర్త," అంది నర్సు నాగశ్రీ. సూర్యకళ పక్క మంచం వైపు చూసింది. ఏడో మంచంలో సన్నీ ఉన్నాడు. కూర్మన్నపాలెం కుర్రాడు, వెల్డింగు పని. ఇనుప రేకు పడి పిక్క చీలింది. గాయం చక్కగా మానుతోంది, ఇంకో వారంలో ఇంటికి పంపేస్తామన్నారు.

మర్నాడు డాక్టరు ముసలాయన కట్టు విప్పి చూసి ఏడో మంచం వైపు తిరిగాడు. సూర్యకళ సబ్బూ, నీళ్ళ మగ్గూ పట్టుకుని అడ్డంగా నిలబడింది.

"బాబూ, సేతులు కడుక్కోండి. ఆ ముసిలాయన పుండు ముట్టుకున్నారు గదా."

వెనకున్న జూనియర్లు తలలు దించుకున్నారు.

"నువ్వు నాకు నేర్పుతావా? తప్పుకో."

"కడుక్కుంటే ఏటి పోద్ది బాబూ? అరిగిపోతాయా?"

ఆయన మగ్గు పక్కకు నెట్టేసి, సన్నీ కట్టు విప్పి, గాయం చుట్టూ బొటనవేలితో నొక్కాడు. ఆ పూటే సూర్యకళను బాత్రూముల డ్యూటీకి మార్చేశారు.

నాలుగో రోజుకి సన్నీకి చలిజ్వరం. పిక్క వాచి చీము పట్టింది. పరీక్ష చేస్తే అదే సూక్ష్మజీవి. ఉన్న మందులన్నీ ఎక్కించారు, ఒక్కటీ పనిచేయలేదు. పన్నెండో రోజున మోకాలి పైదాకా కాలు తీసేశారు.

ఆపరేషన్ గది బయట సన్నీ తల్లి గంగాలమ్మ కూలబడి ఉంది. డాక్టరు వచ్చి, "ప్రాణం దక్కిందమ్మా. మీ ఇళ్ళలో శుభ్రం ఉండదు, అందుకే ఈ ఇన్ఫెక్షన్లు," అన్నాడు. వరండా ఊడుస్తున్న సూర్యకళ ఆ మాట వింది. సిగ్గూ ఎగ్గూ లేదు, మనిషికి!

గంగాలమ్మ లేచి ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "నా పిల్లోడి పేణం నిలబెట్టినావు బాబూ!"

సూర్యకళ చీపురు పడేసి అరిచింది.

"ఓలప్పా, ఒగ్గీయ్ ఆ సేతులు! ముందెల్లి నీ కళ్ళు కడుక్కో!"

గంగాలమ్మ ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, డాక్టరుకు మళ్ళీ దణ్ణం పెట్టింది.