బూర మోగేనాటికి నా పక్కన ఎవరు?

ఆ సాయంత్రం ఆళ్లగడ్డలో మా వీధి ప్రార్థన కూటంలో ప్రభువు రెండో రాకడ గురించి చెబుతున్నాను. నేను బడిపంతులును. పగలు పిల్లలకు లెక్కలు, సాయంత్రాలు పెద్దలకు కోతలు చెప్పడం నా అలవాటు. దూత ఊదే కడబూర అహోబిలం కొండలకు తగిలి మోగుతుందని, అవుకు చెరువులో చేపలు కూడా ఒడ్డుకొచ్చి తీర్పుకు వరుసగా నిలబడతాయని చెప్పాను. ఆ మోత ఎలా ఉంటుందో చూపించడానికి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి ఊదాను. మూడోసారి ఊదగానే నోట్లో ఉప్పగా తగిలింది. అరచేతిలో నెత్తురు. అదీ కథలో భాగమే అనుకుని జనం నవ్వారు. నా భార్య సుందరమ్మ ఒక్కతే నవ్వలేదు.

ఇది డెబ్బైల చివరి మాట. అప్పటికే కొన్ని వారాలుగా దగ్గు, సాయంత్రమైతే జ్వరం. సుద్దపొడి పడలేదనుకున్నాను.

మరునాడు నంద్యాల ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు, కఫం తీసుకుని స్పుటమ్ టెస్ట్ చేశారు. డాక్టరు ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు పట్టుకుని చూశాడు.

"పంతులూ, రైట్ లంగ్‌లో కావిటీ ఉంది. టీబీ. అడ్మిట్ కావాల. రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్, ఐఎన్‌హెచ్ మాత్రలు. ఏడాదిన్నర మానకుండా మింగితే బతుకుతావు."

"మానితే?"

"మానితే నా దగ్గరికి రావద్దు. మీ పాస్టరు దగ్గరికి పో."

టీబీ వార్డు ఆసుపత్రి వెనక విడిగా ఉండేది. సుందరమ్మ మొదట్లో వారం వారం వచ్చి కిటికీ అవతల నిలబడి మాట్లాడిపోయేది. తర్వాత పొలంలో చెనిక్కాయలు పీకే పనులు, పిల్లల జ్వరాలు. రావడం తగ్గింది. మిగతావాళ్లు మొదటి నుంచీ రాలేదు.

నాకున్న శ్రోత ఒక్కడే, పక్క మంచం మద్దిలేటి. పాములపాడు రైతు.

"ఏం పంతులా, మీ దేవుడొచ్చే పొద్దు సచ్చినోళ్లంతా లేస్తారంట గదా. మా నాయనను కాల్చి కృష్ణలో కలిపితిమే, ఆయప్ప యాట్ల లేస్తాడు?"

"తడిసి లేస్తాడు. తుడిచేకి టవలు పెట్టుకో."

అతను పడీపడీ నవ్వి దగ్గు తెచ్చుకునేవాడు. సిస్టరమ్మ పరుగెత్తుకొచ్చి, "నీ కతలతో వార్డంతా సంపేట్టుండావ్ గదప్పా!" అని నన్ను తిట్టేది.

మా క్రైస్తవుల సమాధుల్లో కాళ్లు తూర్పుకు ఉంటాయి. ప్రభువు తూర్పు నుంచి వస్తాడు గనక, లేచి నిలబడితే ఎదురుగా ఆయనే కనిపించాలని. ఆళ్లగడ్డ సమాధుల దొడ్లో మా అమ్మ, నాయన పక్కపక్కనే ఉన్నారు. నాయన పక్కన నా చోటు ఖాళీగా ఉంది. నిజం చెబుతున్నాను, నాకు చావంటే అంత భయం లేదు. ఇక్కడ చస్తే ఇక్కడే పూడ్చేస్తారని భయం. బూర మోగిన పొద్దు మావాళ్లంతా మట్టి దులుపుకుని లేస్తారు. నాయన పక్కకు చూస్తే నేనుండను. నేనేమో నంద్యాలలో ముక్కూమొహం తెలియని జనం మధ్య లేచి, ఎటు పోవాలో అడిగే దిక్కులేక నిలబడతాను. ఈ మాట మద్దిలేటికి కూడా చెప్పలేదు. చెబితే నవ్వేవాడు. కోతలు కోసేవాడి కష్టం అదే.

ఒక ఉదయం లేచేసరికి మద్దిలేటి పరుపు చుట్టేసి ఉంది. నేల మీద ఫినాయిల్ వాసన. ఆ మంచం మీదికి వచ్చిన కొత్త మనిషికి చేపల కథ మొదలుపెట్టాను. అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ తర్వాత కొద్దిరోజులకే తెల్లవారుజామున చెవుల్లో మోత మొదలైంది. సన్నగా, ఎడతెగకుండా. బూరే అనుకున్నాను. ఇనుపమంచాన్ని ఈడ్చి కాళ్లు తూర్పుకు తిప్పి, దుప్పటి సర్దుకుని కూర్చున్నాను. చుట్టూ చూస్తే ఒక్కరూ లేవలేదు. లేచినా నాకు తెలిసిన మొహం ఒక్కటీ లేదు. సుందరమ్మను కేకేశాను. సిస్టరమ్మ వచ్చింది.

"ఏందప్పా ఇది, మంచం అడ్డం తిప్పినావు?"

"బూర ఇనపడల్యా తల్లీ?"

ఆమె నవ్వలేదు. నేరుగా పోయి డాక్టరును పిలుచుకొచ్చింది. నిలబడమంటే తూలాను.

"రాకడ కాదు పంతులూ, స్ట్రెప్టోమైసిన్ సైడ్ ఎఫెక్ట్. ఇయర్ నెర్వ్ దెబ్బతింటాంది. ఇంజెక్షన్ ఆపేస్తా. మాత్రలు మాత్రం ఆపేది లేదు."

ఆ వారమే మా సంఘపెద్ద దావీదన్న పనిమీద నంద్యాల వచ్చి, కిటికీ దగ్గర ముక్కుకు కండువా కట్టుకుని నిలబడ్డాడు. బూర మోగే పొద్దు నా పక్కన మావాళ్లు ఉండాలని చెప్పి, నాకేమైనా అయితే ఆళ్లగడ్డకు తెస్తానని మాటిమ్మన్నాను.

"టీబీ పీనుగను ఏ బండోడు ఎక్కించుకుంటాడప్పా? యాడైతే ఏముంది? ప్రభువుకు నంద్యాల తెలీదా?"

"ప్రభువుకు తెలుసన్నా. నాకే ఈడుండేవాళ్లు తెలీదు."

అతను కిటికీ వదిలి వెళ్లిపోయాడు. శవంగా తీసుకుపోరు గనక, నడిచి పోవడమే దారి. ఆ రోజు నుంచి కడుపులో తిప్పినా, అన్నం సయించకపోయినా ఒక్క మాత్ర వదల్లేదు. చివరికి స్పుటమ్ నెగటివ్ వచ్చింది. మిగతా మందు ఇంటి దగ్గరే మింగమని పంపారు.

మా గుడిలో ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆచారానికి, అందరికీ ఒకటే గిన్నె. మగవాళ్లు ముందు, తర్వాత ఆడవాళ్లు. నేనొచ్చిన ఆదివారం దావీదన్న చెవిలో చెప్పాడు. "నెగటివే కావచ్చు పంతులా. జనం బయపడతాండారు. నువ్వు ఆకర్న తీసుకో."

ఆడవాళ్లు కూడా అయిపోయాక మోకరించి తాగాను. పాస్టరయ్య గిన్నె తుడవబోతుంటే సుందరమ్మ వచ్చి నా పక్కన మోకాళ్లూనింది.

"నేనింగా తీసుకోలేదయ్యా."

"అయిపోయిందమ్మా."

"అడుగున ఉండేది చాలు."

తాగింది. ఇంటికి పోతూ, నా తర్వాత తాగడానికి భయం లేదా అని అడిగాను.

"బూర మోగే పొద్దు నీ పక్కన ఎవరుంటారని కుములుతాంటివంట గదా. దావీదన్న చెప్పినాడు. నేనుంటాలే. నీ కోతలు ఇనేకి ఇంకెవరొస్తారు?"

ఇప్పుడు ఎనభయ్యో దశకం నడుస్తోంది. బడికి పోతున్నాను. గుడిలో చాప మీద నా పక్కన ఇప్పటికీ మూరెడు జాగా వదులుతారు. కథ చెబితే మాత్రం అంత దూరం నుంచే నవ్వుతారు.

చదివేవాళ్లకు ఒక్క మాట. మీవాళ్లు టీబీ వార్డులో ఉంటే చూడ్డానికి పొండి. లోపలికి రానివ్వకపోతే కిటికీ దగ్గరే నిలబడి, పేరు పెట్టి పిలిచి, ఆ పూట మాత్ర మింగేదాకా ఉండి రండి.