గంగులు పార్టీకి దొరికిన ఆధారం

శ్రీకూర్మానికి దిగువన, సముద్రపుటొడ్డునున్న ఊరు గంగులుది. జెట్టీ కోసం ఏళ్ల తరబడి అర్జీలు పెట్టి విసిగిపోయిన ఆ మత్స్యకారుడు, నిరుడు ‘తీరజన పార్టీ’ని స్థాపించాడు. సభ అనగానే మనబోటివారికి కుర్చీలు, మైకు, దండలు స్ఫురిస్తాయి. ఆ ఊరివారికి మాత్రం ఇసుక చాలు. వల మీద చేయి వేసి ఊరంతా పార్టీకి సరేనన్నది. ఆ కూటంలో బయటివారు కూర్చోరాదన్నది ఆనవాయితీ కనుక, ఫొటో తీయవచ్చిన విలేకరిని గంగులే వెనక్కి పంపాడు.

కూతురు ఝాన్సీ ఇంటర్నెట్‌లోని ఒక విజ్ఞాన సర్వస్వంలో పార్టీ గురించి వ్యాసం రాసింది. పత్రికల ఆధారం చూపకపోతే దాన్ని తొలగిస్తామని నిర్వాహకులు గడువు పెట్టారు.

“ఊరు ఊరంతా సాచ్చికం ఉన్నాది కదే. ఇంకేటి కావాలంట?”

“పేపర్లో పడాలి నాన్నా. ఆ వచ్చినోడిని నువ్వే పొమ్మన్నావు.”

గడువులోగానే విలేకరి మళ్లీ వచ్చాడు. అదే ఇసుక మీద గంగులు మేనల్లుడు, పార్టీ కార్యదర్శి అయిన భాస్కర్, ఊరివాళ్లను వెంటబెట్టుకొని ఒక పెద్ద పార్టీవారి కండువా కప్పుకొన్నాడు. ఈసారి విలేకరిని పొమ్మన్నవారు లేరు. తీరజన పార్టీ ఆ పెద్ద పార్టీలో విలీనమైందని మర్నాడు పత్రికలన్నీ రాశాయి.

వ్యాసం నిలిచింది.

“నా పేరున్నాదా?” అన్నాడు గంగులు.

“ఉన్నాది. పార్టీ పెట్టినోడివని రాసినారు.”

“తీసీమని సెప్పు.”

ఝాన్సీ ఫోను పక్కన పెట్టింది. “ఇప్పుడు తీయరు నాన్నా. ఆధారం దొరికింది కదా.”