తాళం వేసిన ఇంట్లో నిప్పు

దయ్యం కథలు చెప్పేవాళ్లకు మా ఇంట్లో చాయ్ కూడా పోయను నేను. పొద్దుగూకాక బొందలగడ్డ, అదే శ్మశానం, పక్కనుంచి ఒక్కదాన్నే పిడకల గంప మోసుకొచ్చినదాన్ని. అక్కడ పిల్లి తప్ప ఏదీ ఎదురు రాలేదు. రెండో తరగతి దాకా చదివాను, పెద్ద మాటలు రావు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నమ్మకపోతే మీ ఇష్టం, బతిమాలను.

మాది మెదక్. పోలీసు యాక్షన్‌కు ముందు, ఆ గడబడ రోజుల్లో, నేనూ మా ఆయనా మా అత్తా ఇల్లు వదిలి షోలాపూర్ పోయాం. ఎండాకాలం. నాకప్పుడు పదిహేడేళ్లు ఉంటాయి. గంటలో బయటపడాలన్నారు. మా అత్త మూటలు కడుతుంటే నేను వంటింట్లో నిప్పు కప్పెట్టాను. అంటే, కాలుతున్న చింతమొద్దు మీద పిడక పెట్టి పైన బూడిద కప్పడం. తెల్లారి బూడిద తీసి ఊదితే అంటుకుంటుంది. అగ్గిపుల్ల దండగ ఉండదు. రోజూ చేసే పని కాబట్టి చేయి దానంతటదే చేసింది.

మా అత్త చూసింది. "ఎవలొచ్చి వండుకుంటరని కప్పెడుతున్నవే?"

"నేనే వస్త," అన్నాను. తాళం వేసి, తాళంచెవి నడుముకు కట్టుకున్నాను. స్నానానికి కూడా విప్పలేదు.

షోలాపూర్‌లో ఒక కిరాయి గది. మా ఆయనకు మగ్గాల కార్ఖానాలో పని దొరికింది. మా అత్తకు పక్కింటివాళ్లతో దోస్తీ కుదిరింది. నాకే ఏదీ కుదరలేదు, కుదరనివ్వలేదు కూడా. మూడు రాళ్లు పెట్టి, ఒక్క కుండలో వండాను. మట్టి తెచ్చి మంచి పొయ్యి వెయ్యమని మా అత్త ఎన్నిసార్లు అన్నా, "మన పొయ్యి మెదక్‌ల ఉన్నది, ఇంకోటెందుకు?" అనేదాన్ని.

"ఉన్నది, ఉన్నది. నిప్పు గుడ ఇంక ఉన్నది. పోయి కందగడ్డ కాల్సుకొని తిను," అనేది. పక్కింటివాళ్లు నవ్వేవాళ్లు.

పోలీసు యాక్షన్ అయ్యి, అంతా సద్దుమణిగాక, పోదాం అన్నాను. మా ఆయనకు ఇష్టం లేదు. ఇక్కడ వారం వారం కూలి వస్తోంది, అక్కడ ఏముందో ఎవరికి తెలుసన్నాడు. నేను రెండు పూటలు తినలేదు. చివరికి ఒక మాట అన్నాడు. "పోయి చూద్దాం. పొయ్యి వెలిగించే తీరుగ ఉంటే ఉందాం. లేకుంటే గిన్నెలు తెచ్చుకొని మళ్ల వద్దాం. ఇంక నోరెత్తొద్దు."

సరేనన్నాను. ప్రయాణం ఖాయమయ్యాక పది రోజులు నాకు నిద్ర సరిగ్గా లేదు. భయంతో కాదు. పొయ్యి పక్కన ఉప్పు కుండ పెట్టే గూడు, గోడకు ఆనించిన ఊదుగొట్టం, అన్నీ కళ్ల ముందే. జొన్నపిండి మూట ముందే కట్టి పెట్టాను. అగ్గిపెట్టె మాత్రం పెట్టుకోలేదు. మా అత్త అడిగింది. అక్కరలేదన్నాను. మొండితనమే, కాదనను.

వాడి జంక్షన్‌లో రైలు మారి, హైదరాబాదులో దిగి, మెదక్ బస్సెక్కాం. దూరం నుంచి చర్చి గోపురం కనపడగానే నేను లేచి నిలబడ్డాను. మా ఆయన కొంగు పట్టి కూర్చోబెట్టాడు.

ఇల్లు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. నేను చూసినవి చెప్తాను. తలుపుకూ తాళానికీ కలిపి సాలెగూడు అల్లుకుని ఉంది. తాళం తుప్పు పట్టి, రాయితో తట్టితే తప్ప తిరగలేదు. లోపల వానకు వెనక గోడ ఒక మూల జారింది. పిల్లి దూరేంత సందు కూడా పడలేదు. నేల నిండా దుమ్ము, దుమ్ములో ఎలుకల అడుగులే ఉన్నాయి.

మా ఆయన గోడ చూసి, "చూసినవ్ గద. గిన్నెలు తీస్కో. రేపటి బస్సుకు పోదాం," అన్నాడు.

నేను వంటింట్లోకి పోయాను. పొయ్యి ముందు కూర్చుని బూడిదలో చేయి పెట్టాను. ఎందుకు పెట్టానంటే, కోపానికి.

చేయి చురుక్కుమంది.

పుల్లతో బూడిద పక్కకు జరిపాను. రేగుపండంత నిప్పు, ఎర్రగా. ముగ్గురం చూశాం. చింతనిప్పు గట్టిదే, అయినా మహా అంటే రెండు రోజులు ఉంటుంది. మేం పోయి పది నెలలైంది.

ముందు మాట్లాడింది మా అత్త. "చూస్తవేందే? ఊదు. ఆరిపోతది."

ఊదాను. అంటుకుంది. పొగ చూసి పక్కింటి శాంతమ్మ వచ్చింది. చర్చి బడిలో వంట చేసేది, గడబడలో కూడా ఊరు వదల్లేదు. చేతిలో పిడక. "వచ్చిండ్రా చెల్లె? జర నిప్పియ్యి," అంది, నిన్న కూడా అడిగినట్టే.

మా ఇంట్లోకి ఎవరైనా వచ్చారా అని అడిగాను.

"మీ తాళం దిక్కు చూసినోడు లేడు. దేవుని తోడు. నేను పొద్దుమాపు ఈడనే ఉంటి గద."

మా ఆయన ఇంటి మీదికెక్కి పెంకులు ఒక్కొక్కటే చూశాడు. ఒక్కటీ జరగలేదు. దిగి వచ్చి, చెంబు తీసుకుని చేయి కడుక్కున్నాడు. తెల్లారి గోడకు మట్టి కలిపాడు. షోలాపూర్ మాట మళ్లీ ఎత్తలేదు.

తర్వాత విన్నవాళ్లంతా తలో మాట అన్నారు. ఎవరో దాక్కుని వండుకున్నారంటారు. అడుగులు లేకుండా, తలుపు తీయకుండా ఎట్లా వండుకున్నారో చెప్పరు. దయ్యం అంటారు ఇంకొందరు. దయ్యానికి నా పొయ్యితో ఏం పని?

నాకు తెలియదు. ఇన్నేళ్లయినా తెలియదు. తెలియదని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. ఆ నిప్పు మీద, తెచ్చిన జొన్నపిండితో గటక వండాను, ముగ్గురం కడుపునిండా తిన్నాం.

ఆ సాయంత్రం గిన్నెలు తోమి నేను పొయ్యి దగ్గరికి వచ్చేసరికి, మా అత్త అప్పటికే అక్కడ కూర్చుని ఉంది. పిడక పెట్టి, రెండు చేతులతో బూడిద కప్పుతోంది.