గణపతిరావు మార్చిన దారి

గణపతిరావుతో మొదటిరోజే పోట్లాడాను. ఆ మాట ముందే ఒప్పేసుకుంటే నాకు తేలిక.

మా అమ్మ జగదీశ్వరి బొబ్బిలిలో నలభై ఏళ్ళు వీణ నేర్పింది. ఆరు నెలల్లో చూపు పూర్తిగా పోవచ్చని ఈమధ్యే డాక్టరు చెప్పాడు. "ఈలోగా మన చుట్టుపక్కలన్నీ ఒక్కసారి చూపించవే" అంది. నేను ఫోన్లో వెతికి, అందరూ మెచ్చుకున్న అయిదు చోట్లు కాగితం మీద రాసుకుని, గణపతిరావు కారు మాట్లాడాను. నౌపడ దగ్గర వరి పండించుకునే కుటుంబం అతనిది. పాతికేళ్ళుగా డ్రైవరు. నోట్లో నాలుక లేని మనిషనుకున్నాను, ఎంత పొరపాటు!

ముందుగా పాత బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం కొండెక్కాం. "ఎలా ఉందమ్మా?" అన్నాను.

"అద్భుతం" అంది అమ్మ.

గణపతిరావు మెల్లగా అడిగాడు. "మామ్మగారూ, వంశధార ఏ పక్కనున్నాది సెప్పండి?"

అమ్మ నవ్వుతూ చెయ్యి చూపించింది. అటు ఏరు లేదు, మేం ఎక్కొచ్చిన మెట్లున్నాయి.

నాకొచ్చిన ఏడుపంతా కోపమై అతని మీదికే పోయింది. "పరీక్షలు పెట్టమని పిలిచామా మిమ్మల్ని?"

అతను నొచ్చుకోలేదు. నా కాగితం అడిగి తీసుకున్నాడు, మిగతా నాలుగూ చదివి మడిచి ఇచ్చేశాడు. "ఇయ్యన్నీ దూరం నుంచి సూసీవేనమ్మా. మామ్మగారికి దూరం ఆనట్లేదు. మీ కోసం బాగుందంతన్నారు. మావూరి ఉప్పుమళ్ళ కాడికి ఒక్కసారి రండి. నచ్చకపోతే మీ లిస్టే తిప్పుతాను."

ఉప్పుమళ్ళు! చూపు పోతున్న మనిషికి ఉప్పు చూపిస్తాడట! దారిపొడుగునా సణుగుతూనే ఉన్నాను. "ఊరుకోవే" అంది అమ్మ.

నౌపడలో దిగేసరికి మూడు దాటింది. గుట్టలుగా పోసిన ఉప్పు ఎండకి కళ్ళు జిగేలుమనేంత తెల్లగా ఉంది. ఎండ వీపున పడేలా అమ్మని నిలబెట్టాడు గణపతిరావు.

"మాయమ్మకీ ఇలాగే సూపు పోనాది. ఆఖర్న రోజూ ఇక్కడికే తెచ్చీవోణ్ణి. ఈ తెలుపు మీద నల్లటిది ఏదున్నా పోల్సుకునీది" అన్నాడు.

అమ్మ ఈసారి అద్భుతమని అనలేదు. "ఆ గుట్ట మీద వాలింది కాకి కదూ?" అంది.

నిజంగానే కాకి. కాకిని చూసి అంత ఏడుపొస్తుందని నాకేం తెలుసు!

"ఒసే సుధా, వెళ్ళి ఆ ఉప్పు ముందు నిలబడు."

ముదురు నీలం చీరలో వెళ్ళి నిలబడ్డాను. అమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. మళ్ళీ చూసింది.

"ఇంత చిక్కిపోయావేటే! నాతో ఒక్కమాటైనా చెప్పలేదేం?"

అమ్మ నన్ను చూసి ఎన్నాళ్ళయిందో నాకు అప్పుడే తెలిసింది. ఎండ వాలేదాకా నన్ను అక్కణ్ణుంచి కదలనివ్వలేదు. గణపతిరావూ వెళ్దామనలేదు.